ఆముదం మరక

కారం మండితే మన చెయ్యి మొదట పోయేది నీళ్ళ చెంబు మీదికే. ఎర్రకారం పూసిన దోసె తిని కళ్ళ నీళ్ళు పెట్టుకున్న బయటూరి చుట్టాలను మా కడప జిల్లాలో ప్రతి ఇల్లూ చూసే ఉంటుంది. పాపం, గ్లాసు మీద గ్లాసు తాగుతారు. నీళ్ళు నోట్లో ఉన్నంతసేపు హాయి, మింగగానే మంట మళ్ళీ మొదలు. మా అత్త అట్లాంటి వాళ్ళకు నీళ్ళివ్వదు. గరిటెడు గడ్డపెరుగు వేస్తుంది, లేకుంటే సంగటి ముద్దకు గుంట చేసి నెయ్యి పోస్తుంది. ఆమె ఏ కాలేజీ గడపా తొక్కలేదు. మిరపకాయలో మంట పుట్టించే కాప్సైసిన్ నీళ్ళలో దాదాపు కరగదనీ, కొవ్వులో కరుగుతుందనీ, పాలల్లో ఉండే కేసీన్ అనే ప్రొటీన్ కూడా దాన్ని నాలుక మీంచి లాక్కుపోతుందనీ ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. అయినా సరైన ద్రావణిని ఎంచుకుంటుంది.

మనమూ అంతే. రోజూ ఎంచుకుంటూనే ఉంటాం, పేరు పెట్టం. చింతపండు నీళ్ళలో నానేస్తాం, నూనెలో కాదు. ఉప్పు, బెల్లం పులుసులో వేస్తాం. ఎండుమిరపకాయ, ఇంగువ, కరివేపాకు మాత్రం కాగిన నూనెలోకి పోవాల్సిందే. వాటి వాసన, ఘాటు చాలావరకు నూనెలో దిగేవి. అదే ఇంగువ నేరుగా చారులో వేసి చూడండి, ఎంత కాచినా తిరగమోతలో వచ్చిన గుమగుమ రాదు. పనసకాయ కోసేముందు చేతులకు నూనె రాసుకునేదీ, తారు రోడ్డు మీద నడిచి వచ్చిన పిల్లల కాళ్ళకు శెనగనూనె పెట్టి తుడిచేదీ ఈ లెక్కలోవే.

ఇదంతా ఎందుకు మొదలుపెట్టానంటే, మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ. హాస్టల్లో ఉండి చదువుతోంది. దసరా సెలవులకు ఇంటికొచ్చింది. ప్రొద్దుటూరు దసరా సంగతి మీకు తెలియనిది కాదు, అమ్మవారిశాల వైపు కాలు పెట్టే సందుండదు. అంత సందట్లోనూ పిల్ల కెమిస్ట్రీ పుస్తకం ఒళ్ళో పెట్టుకొని జపం చేస్తూ ఉంది. "లైక్ డిజాల్వ్స్ లైక్ మా. ఆ ముక్క రాస్తే చాలు, మార్కు వేస్తారు" అంది. "ఏది దేనికి లైకు?" అన్నాను. నీళ్ళు నమిలింది.

నేను పెళ్ళికి ముందు బీజెడ్సీ చదివాను, తెలుగు మీడియం. నాకవి ధ్రువ ద్రావణులు, అధ్రువ ద్రావణులు. దానికి పోలార్, నాన్ పోలార్. ఇద్దరం ఒకటే మాట్లాడుతున్నామని తేల్చుకునేసరికే పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

నేను చెప్పింది ఇది. నీటి అణువులో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తన వైపు ఎక్కువ లాక్కుంటుంది. అందుకని ఆ వైపు కాస్త రుణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం. అణువు వంగి ఉంటుంది కాబట్టి ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. అదే ధ్రువత. ఒక అణువు హైడ్రోజనూ పక్క అణువు ఆక్సిజనూ అంటుకొని నీళ్ళన్నీ గొలుసులా పట్టుకొని ఉంటాయి. ఉప్పులోని అయాన్లకు ఆవేశం ఉంది కాబట్టి నీళ్ళు వాటి చుట్టూ చేరతాయి. చక్కెరకు ఓహెచ్ గుంపులున్నాయి కాబట్టి దానికీ చెయ్యి అందిస్తాయి. నూనె అణువులో ఎక్కువ భాగం కార్బన్, హైడ్రోజన్ల పొడవాటి తోకలే. నీళ్ళు పట్టుకోవడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. నూనెను నీళ్ళు తోసేస్తాయని అంటాం గానీ, నిజానికి వాటిలో అవి పట్టుకున్న పట్టు వదలవు, నూనెకు చోటు దొరకదు. స్పిరిట్ ఉందే, ఇథైల్ ఆల్కహాలు, దానికి ఒక కొసన ఓహెచ్, రెండో కొసన పొట్టి కార్బన్ తోక. అందుకే అది అటూ ఇటూ మాట్లాడగలదు.

అమ్మాయి బుర్ర వంచుకొని వింది. తర్వాత ఒక ప్రశ్న వేసింది చూడండి, నాకు భలే ముచ్చటేసింది. "మా, టేబుల్లో అసిటోన్ డైపోల్ మూమెంట్ 2.88 అని ఉంది, నీళ్ళది 1.85 అని ఉంది. అప్పుడు అసిటోనే ఎక్కువ పోలార్ కదా? మరి ఉప్పు నీళ్ళలో కరిగి అసిటోన్‌లో ఎందుకు కరగదు?"

వెంటనే చెప్పలేదు. అటక మీద నా పాత నోట్సులుంటే దింపి చూసి, మరుసటి రోజు మధ్యాహ్నం బట్టలు మడత పెడుతూ చెప్పాను. ఆ ఒక్క అంకెతో పని జరగదు. అసిటోన్ హైడ్రోజన్ బంధాన్ని తీసుకోగలదు, ఇవ్వలేదు. ఉప్పులోని సోడియంను తన ఆక్సిజన్‌తో కొంత ఓదార్చగలదు గానీ, క్లోరైడును పట్టుకోవడానికి దాని దగ్గర తగిన హైడ్రోజన్ లేదు. నీళ్ళు రెండు పనులూ చేస్తాయి. పైగా అణువు చిన్నది, ఒక్కో అయాన్ చుట్టూ ఎక్కువమంది చేరొచ్చు. ద్రావణిగా ఎంత బలమో చూడాలంటే ఇంకో అంకె ఉంది, రోధక స్థిరాంకం. ధన, రుణ అయాన్ల మధ్య ఆకర్షణను ద్రావణి ఎంత తగ్గిస్తుందో అది చెబుతుంది. నీళ్ళకు 80 దగ్గర, స్పిరిట్‌కు 24, అసిటోన్‌కు 21, హెక్సేన్‌కు రెండుకు కాస్త తక్కువ. ఈ వరసను పిల్ల స్టిక్కర్ మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. మా అత్త వచ్చి "ఏందిమే ఇది, పాల లెక్కనా?" అని అడిగింది.

హెక్సేన్ అనగానే మా ఆయన పేపర్ దించారు. ఆయన నూనె మిల్లులో లెక్కలు చూస్తారు. గానుగలో గానీ ఎక్స్‌పెల్లర్‌లో గానీ ఎంత పిండినా వేరుశెనగ చెక్కలో ఆరేడు శాతం నూనె ఉండిపోతుంది. అది పిండితే రాదు. సాల్వెంట్ ప్లాంటులో ఆ చెక్క మీద హెక్సేన్ పారిస్తారు. అధ్రువ ద్రావణి కాబట్టి నూనెను కరిగించుకొని పోతుంది, పిండిపదార్థాన్నీ ప్రొటీన్‌నూ చెక్కలోనే వదిలేస్తుంది. చెక్కలో మిగిలేది ఒక శాతం లోపు. హెక్సేన్ 69 డిగ్రీలకే మరిగిపోతుంది కాబట్టి నూనెలోంచి ఆవిరి చేసి, చల్లార్చి, మళ్ళీ అదే వాడుకుంటారు. మన తలలూ మన బట్టలూ జిడ్డవుతుంటే రాని ఆలోచన, కోట్ల రూపాయల సరుకు చెక్కలో పోతుంటే వస్తుంది మరి.

ఇట్లా ఇంట్లో ద్రావణుల మీద చర్చ నడుస్తున్న వారంలోనే పులివెందుల నుంచి మా అక్క దిగింది, ముద్దనూరు మీదుగా వచ్చే బస్సులో. చేతిలో తెల్ల పంచెలో చుట్టిన అమ్మ చీర.

మా పుట్టిల్లు జమ్మలమడుగు. అమ్మ పోయి రెండేళ్ళయింది. అమ్మ పెండ్లి చీర ధర్మవరం పట్టు, కుంకుమ రంగు, ఆకుపచ్చ అంచు. అక్క కూతురి పెండ్లి మాఘమాసంలో. ప్రొద్దుటూరులో పట్టుచీరల అంగళ్ళకు కొదవ లేదు. అయినా ఆ పిల్ల తాళి కట్టేటప్పుడు అవ్వ చీరే కట్టుకుంటానని పట్టుబట్టింది. ఎడమ భుజం మీదికి వచ్చే చోట అరచేతి వెడల్పున మరక. చుట్టూ నల్లటి గీత, నడుమ మందంగా, మెరుగు లేకుండా ఉంది. అక్క వాళ్ళ ఊళ్ళో ఒక డ్రై క్లీనింగ్ అంగడికి ఇచ్చి పెట్రోల్ వాష్ చేయించింది. గీత పల్చబడింది, మరక మాత్రం ఉండిపోయింది. "ఇంతకు మించి పోదంట మే" అంది అక్క. నూనె మరక అయితే పెట్రోల్ వాష్‌కు పోవాలి కదా, ఇదేందో అంటుంది.

డ్రై క్లీనింగ్ అంటే పొడిగా ఉతకడం అని చాలామంది అనుకుంటారు. అది తడిపే ఉతుకుతారు, నీళ్ళతో కాదు, అంతే. పెట్రోలియం నుంచి తీసిన ద్రవాల్లో ముంచుతారు. పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో ఒక రంగుల అద్దకం ఆయన ఇంట్లో టేబుల్ గుడ్డ మీద దీపం నూనె ఒలికి, ఒలికిన చోట గుడ్డ తెల్లబడిందని, అక్కడి నుంచి ఈ వృత్తి పెరిగిందని ఒక కథ చెబుతారు. పట్టుకు ఇది మంచిదే. నీళ్ళు తగిలితే పోగు ఉబ్బుతుంది, రంగు కదులుతుంది, అధ్రువ ద్రావణి పోగు జోలికి పోదు. జిడ్డును మాత్రం తీసుకెళ్తుంది. అంగడి అతను చేసింది సరైన పనే.

మరి ఎందుకు పోలేదు? ఆ రాత్రి అక్కా నేనూ పాత ఆల్బం తీశాం. చీరలు ఎప్పుడెప్పుడు కట్టిందో చూద్దామని. నన్ను తొట్టెలో వేసిన రోజు ఫోటో ఒకటుంది. అమ్మ ఇదే చీరలో, ఎడమ భుజం మీద నేను, బోర్లా. నా తల నిగనిగలాడుతోంది. అక్క ఫోటో మీద వేలు పెట్టింది. "మాడుకు అవ్వ ఆముదం పెట్టేది చూడు, గిన్నెడు. ఆ మరక నీదే మే" అంది. నవ్వింది. తర్వాత ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆముదం అనగానే నాకు కాలేజీ ల్యాబ్ గుర్తొచ్చింది. రెండు పరీక్షనాళికల్లో రెక్టిఫైడ్ స్పిరిట్ పోసి, ఒకదాంట్లో శెనగనూనె, ఒకదాంట్లో ఆముదం వేయించారు మా మేడం. శెనగనూనె అడుక్కు పోయి కూర్చుంది. ఆముదం స్పిరిట్‌లో కలిసిపోయింది, ఎంత తిప్పినా గీత కనపడలేదు. నూనెలన్నీ ఒకటి కావు. ఆముదంలో తొంభై శాతం దాకా ఉండేది రిసినోలియిక్ ఆమ్లం. దాని తోకలో పన్నెండో కార్బన్ దగ్గర ఒక ఓహెచ్ ఉంటుంది. అంటే నూనె అయ్యుండి కూడా ఒంటి మీద ధ్రువత ఉన్న గుర్తు వేసుకొని తిరిగేది ఆముదం. ఆముదం అంత చిక్కగా జారకుండా ఉండేదీ ఆ ఓహెచ్‌లు ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్లనే. అందుకే ఆల్కహాల్‌లో సులువుగా కరుగుతుంది, చల్లటి పెట్రోల్ జాతి ద్రవాల్లో అంతగా కరగదు.

మా ఆయన ఊరుకోలేదు. "ఆముదం చెక్కకు కూడా మిల్లుల్లో హెక్సేనే వాడతారు, మరి అదెట్లా?" అన్నారు. మంచి ప్రశ్నే. అక్కడ హెక్సేన్‌ను వేడి చేసి పారిస్తారు. వేడి పెరిగే కొద్దీ కరగనిదీ కరుగుతుంది. అంగడిలో చీరను వేడి పెట్రోల్‌లో ఉతకరు కదా, ఉతికితే అంగడే మిగలదు. ఈ మాట చెప్పాల్సిందే. ఇంట్లో బకెట్టులో పెట్రోల్ పోసి చీరలు ముంచే వాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదే పాకుతుంది, పక్క గదిలో దేవుడి దీపం ఉన్నా చాలు. దయచేసి ఆ పని చేయకండి.

సరే, స్పిరిట్ కావాలి. ఏ స్పిరిట్? ఇంట్లో మందుల డబ్బాలో సర్జికల్ స్పిరిట్ ఉంది. కానీ బ్రిటిష్ ఫార్మకోపియా ప్రకారం తయారయ్యే సర్జికల్ స్పిరిట్‌లో ఆముదమే 2.5 శాతం కలుపుతారు, చర్మం ఎండిపోకుండా. ఆముదం మరకను ఆముదంతో తుడవడం బాగుండదు. చేతులకు రాసుకునే శానిటైజర్‌లో మూడో వంతు దాకా నీళ్ళుంటాయి. చివరకు సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడిలో దొరికింది, బోర్డులు తుడవడానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతం. చిన్న సీసా పోసిచ్చాడు పిల్లవాడు.

అక్క భయం వేరు. "ఏందేందో పోసేవు, రంగు పోతే? పాడైతే ఇంకోటి పెట్టేదానికి అమ్మ లేదు." ఆమె భయంలో న్యాయముంది. మరకను కరిగించేది దొరకడం సగం పనే. పక్కనున్నదాన్ని కరిగించకుండా ఉండేది కావాలి. అక్క ఊరికి దగ్గర్లోనే, వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. చాలా గనుల్లో యురేనియాన్ని ఆమ్లంతో కరిగిస్తారు. తుమ్మలపల్లెలో ఖనిజం డోలమైట్ రాతిలో ఉంది, ఆమ్లం పోస్తే ముందు రాయే దాన్ని తాగేస్తుంది. అందుకే అక్కడ సోడియం కార్బోనేట్, బైకార్బోనేట్ ద్రావణంతో వేడిలో, ఒత్తిడిలో లాగుతారు. ఆ గనితో చుట్టుపక్కల పల్లెలకున్న బాధ ఇంకో కథ. అది ధ్రువత సంగతి కూడా కాదు, రసాయన చర్య. కానీ ఏ ద్రావణి అని అడిగేటప్పుడు చుట్టూ ఏముంది అని కూడా అడగాలనేది అక్కడా ఇదే. వంటింట్లో కడప బండ పరుచుకున్న వాళ్ళకు తెలుసు, దాని మీద బాత్‌రూం యాసిడ్ పడితే నురగొచ్చి మెరుగు పోయి తెల్లమచ్చ పడుతుంది. సున్నపురాయి కదా.

మేమూ పరీక్ష చేశాం. కుచ్చిళ్ళ లోపలికి పోయే అంచు చివర, ఎవరికీ కనపడని చోట, శానిటైజర్ చుక్క పెట్టి తెల్లగుడ్డతో అద్దితే గుడ్డకు లేత ఎరుపు అంటింది. పట్టుకు వేసే రంగులు ఎక్కువగా నీళ్ళను ఇష్టపడేవి, అందులోని నీళ్ళకు అవి కదిలాయి. పక్కనే 99 శాతం ఆల్కహాల్ చుక్క పెట్టి అద్దితే గుడ్డ తెల్లగానే ఉంది. అక్క ఆ రెండు గుడ్డ ముక్కలూ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో చూసింది. "చెయ్యి" అంది.

ఇంకో జాగ్రత్త కొంగు చివర పసుపు బొట్టు. కొత్త చీరకు పెట్టిన బొట్టు, అమ్మ పెండ్లినాటిది. దాన్ని తీయాలని ఎవరికీ లేదు. పసుపులోని కుర్కుమిన్ నీళ్ళలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. ఆముదానికి పనికొచ్చేదే పసుపుకు ప్రమాదం. అందుకని కొంగును వేరుగా మడిచి, ప్లాస్టిక్ కవరు తొడిగి, అక్క ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. సబ్బు కూడా దూరం పెట్టాం, క్షారం తగిలితే ఆ పసుపు ఎర్రబడుతుంది.

మధ్యాహ్నం పొయ్యి ఆపి, దేవుడి దీపం కొండెక్కేదాకా ఆగి, తలుపులూ కిటికీలూ తెరిచి మొదలుపెట్టాం. చీరను తిరగేసి, మరక కింద మడతలు పెట్టిన పాత ధోవతి వేశాం. వెనకవైపు నుంచి దూదితో అద్దుతూ, చుట్టు నుంచి నడుమకు. రుద్దితే పట్టు పోగు లేస్తుంది, అద్దాలంతే. కరిగిన నూనె ఎక్కడికో పోవాలి కదా, కింద గుడ్డ తాగకపోతే అది పక్కకు పాకి ఇంకో గీత కడుతుంది. అద్దడం, గుడ్డ జరపడం, ఆరనివ్వడం. అమ్మాయి గుడ్డ జరిపేది, నేను అద్దేదాన్ని. మూడోసారికి ధోవతి మీద పసుపుపచ్చ జిడ్డు వలయం దిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే, ఇన్నేళ్ళ తర్వాత కూడా, ఆముదం వాసన సన్నగా. అక్క ఆ ధోవతి నా చేతిలోంచి తీసుకొని తనూ చూసింది. ఏడుసార్లు చేశాం. పొద్దు వాలేసరికి మరక పోయింది. పూర్తిగా అంటే అబద్ధం, ఏటవాలుగా పట్టుకొని చూస్తే నీడలాంటిది ఉంది. తెలిసిన వాళ్ళకే కనపడుతుంది.

మాఘమాసంలో పులివెందులలో పెండ్లి. అమ్మాయికి రెండు రోజులు సెలవు అడిగి తీసుకొచ్చాం. పెండ్లికూతురు అవ్వ చీరలో పీటల మీద కూర్చుంటే జమ్మలమడుగు నుంచి వచ్చిన ముసలివాళ్ళందరూ అమ్మ పేరే ఎత్తారు. తలంబ్రాలయ్యాక ఫోటోల దగ్గర పెండ్లికొడుకు వాళ్ళ వైపు ఒకామె, మూడు నెలల బిడ్డను తెచ్చి, "ఎత్తుకోమ్మా, ఫోటో దిగుదాం" అని పెండ్లికూతురి ఎడమ భుజం మీద పెట్టబోయింది. బిడ్డ తల తళతళా మెరుస్తోంది. అక్క పంక్తిలో వడ్డిస్తున్న మనిషి, టవల్ పట్టుకొని ఒక్క పరుగున వచ్చింది.

"బిడ్డ తలకు ఏం పెట్టినావమ్మా, ఆముదమా?"

"లేదక్కా, బేబీ ఆయిల్."

మా అమ్మాయి నా పక్కనే ఉంది. "బేబీ ఆయిల్ అంటే లిక్విడ్ పారఫిన్ పెద్దమ్మా, పూర్తి నాన్ పోలార్. అదైతే పెట్రోల్ వాష్‌కే పోతుంది, భయపడొద్దు" అంది. అక్క దాని మొహం వైపు చూసి, అయినా టవల్ భుజం మీద పరిచిన తర్వాతే బిడ్డను ఎత్తుకోనిచ్చింది.